మూడింట్లో మొదటిది

ఆ ఎండాకాలం పిన్ని ఇంట్లో అందరం వరసగా కూర్చుని దగ్గాం. నిజానికి ఎవరికీ దగ్గు లేదు.

భోజనాల బల్ల మీద అరచేతిలో పట్టేంత తెల్ల పెట్టె ఒకటి ఉంది. ముందువైపు సన్నటి చిల్లులు, పైన చిన్న తెర. దానికి ఎదురుగా మూడుసార్లు దగ్గితే ఊపిరితిత్తుల్లో జబ్బుందో లేదో నిమిషంలో చెబుతుందట. పిన్ని దాన్ని ఆఫీసులో సంతకం పెట్టి ఇంటికి తెచ్చింది.

"ముందు మీరు," అంది బాబాయితో.

బాబాయి కాలరు సర్దుకుని, ఫొటో తీయించుకునేవాడిలా నిటారుగా కూర్చుని దగ్గాడు. తెర మీద ఆకుపచ్చ చుక్క వెలిగింది. కింద 'సాధారణం' అని అక్షరాలు.

"చూశావా! పాతికేళ్ళ కుర్రాడి ఊపిరితిత్తులట."

"అది వయసు చెప్పదు," అంది పిన్ని.

తరవాత నేను. నలుగురిలో మాట్లాడాలంటేనే నాకు గొంతు పెగలదు, ఇక దగ్గడం ఒకటా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అయిందనిపించాను. 'మళ్ళీ దగ్గండి' అంది తెర. మళ్ళీ దగ్గాను. 'మళ్ళీ దగ్గండి.'

"ఈ పిల్లకి సైలెన్సర్ బిగించి పంపారు. పాపం పెట్టె మాత్రం ఏం చేస్తుంది!" అన్నాడు బాబాయి. ఆ పూట నుంచీ ఆ ఇంట్లో నా పేరు సైలెన్సర్.

పిన్ని లేచి ఫ్యాను ఆపింది. అప్పుడు వినిపించింది దానికి. నాదీ ఆకుపచ్చే. ఈలోగా పిన్ని కొడుకు, మేమంతా బుడ్డోడు అని పిలిచే నాలుగేళ్ళవాడు, ఎవరూ పిలవకుండానే కుర్చీ ఎక్కి, పెట్టెని మింగేసేలా నోరు తెరిచి, కళ్ళు మూసుకుని మరీ దగ్గాడు. ఎర్ర చుక్క. 'వెంటనే పెద్దాసుపత్రికి పంపండి.'

బాబాయి పడీ పడీ నవ్వాడు. "ఇంకేం, రాసెయ్ నీ రిపోర్టులో. ఫ్యాను తిరిగితే చెవుడు, పిల్లాడు ఆడితే హడలు."

"మనింట్లో జరిగింది కబుర్లకి పనికొస్తుంది. రిపోర్టుకి పనికిరాదు," అంది పిన్ని, పెట్టెని గుడ్డతో తుడుస్తూ. "నలభై ఊళ్ళలో ఇలాగే జరిగిందని తేలితే అప్పుడు రాస్తా."

ఆవిడ నవ్వలేదు. బాబాయి నవ్వు కూడా చివరికొచ్చేసరికి పలచబడింది. ఎందుకో నాకు అప్పుడు తెలీదు.

పిన్ని ఉద్యోగం ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలీదు. 'మా చిన్నమ్మాయి ప్రభుత్వంలో సైన్సు చూస్తుంది' అని చెప్పుకుంటుంది అమ్మమ్మ, పాలు పొంగకుండా చూస్తుంది అన్నట్టు. బుడ్డోడి బడికి సెలవులిచ్చారు, నాకు పరీక్షలైపోయాయి, వాణ్ణి చూసుకోడానికని అమ్మ నన్ను బస్సెక్కించింది. అక్కడికి వెళ్ళాకే నాకూ అర్థమైంది. ఎవరో కొత్త యంత్రం ఒకటి తయారుచేస్తారు. ప్రభుత్వం దాన్ని కొనాలా వద్దా, కొంటే ఎక్కడ పెట్టాలి, అదొస్తే ఏది పోతుంది, ఇదంతా పిన్ని చదివి, తెలిసినవాళ్ళని అడిగి, మంత్రి చదవడానికి ఒక్క పేజీలోకి దించాలి. అంతే పని. ఆ పేజీ కింద ఆవిడ పేరుండదు. ఉద్యోగం కూడా ఏడాదికోసారి కాగితం వస్తేనే ఉంటుంది.

ఆ ఏడు ఆవిడకి పడ్డ పని దగ్గు పెట్టె. బాబాయి పనేమో ఎక్స్‌రే బండిలో. ఊరూరా తిరిగి, దగ్గేవాళ్ళ ఛాతీకి అక్కడికక్కడే ఎక్స్‌రే తీసే పెద్ద నీలం బండి అది. మా ఊరికి కూడా వస్తుంది, ఏడాదికి రెండుసార్లు. పెట్టెలొస్తే బండ్లు ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ పైకి అనేవారు కాదు. అది మాతోపాటే బల్ల దగ్గర కూర్చుని భోంచేసేది.

పిన్నికో అలవాటు. రాసిన ప్రతి ముక్కా ఎవరిచేతైనా పైకి చదివించుకుంటుంది. ఆ వేసవిలో ఆ పని నా మీద పడింది.

"నేనా? నాకేం తెలుసు పిన్నీ?"

"తెలీదనే. నువ్వు ఆగకుండా చదివితే మంత్రిగారూ ఆగకుండా చదువుతారు."

"తప్పు చదివితే?"

"ఆ తప్పు నీది కాదు, వాక్యానిది."

సాయంత్రం ఆవిడ ఆఫీసు నుంచి రాగానే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. నేను చదివేదాన్ని. ఎక్కడ నా నాలుక తడబడితే అక్కడ పిన్ని పెన్సిలుతో గీత పెట్టేది. మొదట్లో నా గొంతు నాకే వినపడేది కాదు. "కొంచెం పైకి, పేజీకి చెవులు లేవు," అనేది. బుడ్డోడు బల్ల కింద కారు నడుపుకుంటూ అన్నీ వినేవాడు.

ఆ పేజీలకి ఒక పద్ధతి ఉంది. ఏ విషయమైనా సరే మంత్రికి మూడు మార్గాలు చూపించాలి. మొదటిది మరీ ఎక్కువ. మూడోది మరీ తక్కువ. మధ్యది ఆఫీసు నిజంగా చెయ్యాలనుకున్నది.

"బట్టల కొట్లో లాగా," అన్నాడు బాబాయి నాతో. "ముందు కళ్ళు తిరిగే రేటుది తీస్తాడు. తరవాత తుడుపుగుడ్డ లాంటిది తీస్తాడు. నువ్వు తెలివైనదానిలా మధ్యది పట్టుకుని ఇంటికొస్తావు."

"మోసం కదా పిన్నీ?"

పిన్ని కొంచెంసేపు పెన్సిలు తిప్పింది. "అందరికీ తెలిసిన మోసాన్ని పద్ధతి అంటారు."

మూడో మార్గం రెండు ముక్కల్లో అయిపోయింది: ఇప్పుడేమీ చెయ్యకపోవడం. మధ్య మార్గం పిన్ని మనసులోది: నలభై ఊళ్ళలో ఒక ఏడాదిపాటు పెట్టెనీ బండినీ పక్కపక్కనే నడిపి, ఏది ఎంత సరిగ్గా చెబుతోందో పోల్చి చూడడం. ఎందుకంటే ఆ పెట్టెని తయారుచేసినవాళ్ళు దాన్ని పెద్దాసుపత్రుల్లో, మూసిన గదుల్లో, అప్పటికే జబ్బుపడి వచ్చినవాళ్ళ మీద పరీక్షించారు.

"పెట్టె చెడ్డదని కాదే," అంది నాతో. "మంచిదే అయ్యుండచ్చు. కానీ పొగ పొయ్యి ముందు దగ్గేవాళ్ళున్నారు, పిండిమర పక్కన దగ్గేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గు ఇది ఇంకా వినలేదు. వినకుండా ఎలా చెప్పగలదు?"

మొదటి మార్గం దగ్గరే చిక్కు వచ్చింది. ఊళ్ళన్నిటికీ పెట్టెలిచ్చేసి ఎక్స్‌రే బండ్లు ఆపెయ్యడం అన్నది ఆ మార్గం. ఎవరూ ఒప్పుకోరు గనక దాన్ని మొదట పెట్టాలి. తన భర్త బండిలో పని చేస్తాడని పిన్ని ముందే తన పై అధికారికి చెప్పింది. ఆయన మాట్లాడే ప్రతి మాటకీ ముందు 'నిదానం, నిదానం' అంటాడు. ఇంట్లో ఆయన పేరు నిదానం సారు.

"ఏమన్నాడు నిదానం?" అని అడిగాడు బాబాయి.

"చెప్పడం మంచిదైందన్నారు. మొదటి మార్గం నన్నే రాయమన్నారు. గట్టిగా, బలంగా రాయమన్నారు. మా ఆయన బండి కోసం దాన్ని నీరసంగా రాశానని రేపు ఎవరూ అనకూడదట."

"అయితే రాయి."

"రాస్తున్నా."

రాసింది. మూడు సాయంత్రాలు దాని మీదే కూర్చుంది. ఒక్కో మాటా తూచి, తీసేసి, మళ్ళీ పెట్టి. తప్పు చేసినట్టు ఎవరైనా వేలెత్తి చూపిస్తారేమోనని దాన్ని పేజీ మొత్తంలోకీ నున్నగా తీర్చింది. తరవాత నాకిచ్చింది.

"ప్రతి ఊరికీ ఒక పెట్టె," అని చదివాను. "ప్రతి దగ్గుకూ నిమిషంలో జవాబు. బండి కోసం ఎదురుచూపు ఉండదు."

ఒక్క చోట కూడా తడబడలేదు. నా గొంతు దానంతటదే పైకి లేచింది. బల్ల కింద కారు ఆగింది. మధ్య మార్గానికి వచ్చేసరికి మాత్రం 'అయితే', 'ఒకవేళ', 'తేలిన మేరకు' అన్నవి గులకరాళ్ళలా కాళ్ళకి తగిలాయి. నాలుగు చోట్ల ఆగాను.

"పిన్నీ, మొదటిదే బాగా చదవడానికొస్తోంది," అన్నాను.

"తెలీనిది లేనట్టు రాస్తే అన్నీ బాగానే చదవడానికొస్తాయి," అంది. కానీ ఆవిడ మొహంలో చిన్న గర్వం కనిపించింది. రాసేవాళ్ళకి ఉండే గర్వమే.

బాబాయి తువ్వాలుతో తల తుడుచుకుంటూ వెనకే నిలబడి విన్నాడు. "నేనే మంత్రినైతే మొదటిదానికే సంతకం పెడతా. నా ఉద్యోగం నేనే ఊడగొట్టుకుంటా. అంత బాగుంది."

ముగ్గురం నవ్వాం. మర్నాటి నుంచీ బుడ్డోడు స్నానాల గదిలో, మెట్ల మీద, నిద్రలేస్తూనే ఒకటే పాట. "పతి ఊలికీ ఒక పెట్టె! పతి దగ్గుకూ నిమిచంలో జవాబు!"

పేజీ పైకి వెళ్ళింది. పిన్నికి కాలు నిలిచేది కాదు. ఆఫీసు నుంచి రాగానే బీరువాలోవి అన్నీ కిందికి దించి మళ్ళీ పైన పెట్టేది. మంచం ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపేది. నీళ్ళు పోసిన మొక్కకే మళ్ళీ పోసేది. ఫోను మోగితే ఉలిక్కిపడి, మోగకపోతే పాడైందేమోనని నాచేత ఫోను చేయించి చూసుకునేది. ఎండ కిటికీ రేకుల మీద చిటపటలాడేది. ఆ ఇంట్లో ఎవరం ఒక చోట కుదురుగా కూర్చున్నట్టు నాకు గుర్తు లేదు.

"పిన్నీ, మధ్యదే కదా తీసుకుంటారు?"

"ఎప్పుడూ మధ్యదే."

"మరెందుకు భయం?"

"మంత్రి కొత్తాయన. బట్టల కొట్టుకి ఎప్పుడూ వెళ్ళలేదేమో అని."

ఒక సెలవు రోజు ఆవిణ్ణి ఇల్లు సర్దుకోనిచ్చి, బాబాయి నన్నూ బుడ్డోణ్ణీ బండిలో తీసుకెళ్ళాడు. ఊరి చివర ఒక గోడౌను ముందు బండి ఆగింది. మూటలు మోసేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, ముసలివాళ్ళు నీడ వెతుక్కుంటూ వరసలో నిలబడ్డారు. నేనూ బుడ్డోడూ డ్రైవరు పక్క సీట్లో. వెనక నుంచి బాబాయి గొంతు ఒకే రాగంలో వినిపించేది.

"గాలి పీల్చండి. బిగబట్టండి. ఊఁ, ఇక వదలండి. తరవాతి వాళ్ళు రండి."

ఇంట్లో వేళాకోళాలాడే మనిషి కాదు ఆయన అక్కడ. ఒక ముసలాయన ఊపిరి బిగబట్టలేక మళ్ళీ మళ్ళీ దగ్గుతుంటే, "తొందరేం లేదు తాతా, బండి ఎక్కడికీ పోదు," అన్నాడు. 

తిరిగొస్తుంటే అడిగాను. "బాబాయ్, బండి నిజంగా ఆగిపోతే?"

"ఆగిపోతే యంత్రంతోపాటు నన్నూ ఏదో ఒక ఆసుపత్రి గదిలో పెడతారు. వాళ్ళు మాత్రం ఆ ఆసుపత్రికి రారు." ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని బయటికి చూశాడు. "మీ అమ్మమ్మ వస్తుందా చెప్పు?"

రాదు. అమ్మమ్మకి చలికాలం నుంచీ దగ్గు. పట్నం ఆసుపత్రికి రమ్మంటే చచ్చినా రానంటుంది. అల్లుడి బండి అయితే అందరికంటే ముందు వెళ్ళి నిలబడుతుంది.

మంత్రి ఏది ఎంచుకున్నాడో మాకు తెలిసిన విధం చాలా మామూలుగా ఉంది. నేను గిన్నెలు కడుగుతున్నాను. పిన్ని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. టీవీ దాని మానాన అది మాట్లాడుకుంటోంది. కొత్త మంత్రి మైకుల ముందు నిలబడి, చెయ్యి పైకెత్తి అన్నాడు.

"ప్రతి ఊరికీ ఒక పెట్టె. ప్రతి దగ్గుకూ నిమిషంలో జవాబు. బండి కోసం ఎదురుచూపు ఉండదు."

బుడ్డోడు సంతోషం పట్టలేక సోఫా మీద గెంతాడు. "అమ్మా! నీ పాట! మంతి నీ పాట పాడుతున్నాడు!"

పిన్ని చేతిలో బాబాయి చొక్కా ఉంది. యూనిఫారం చొక్కా, జేబు మీద నీలం బండి బొమ్మ. ఆవిడ దాన్ని సగానికి మడిచింది. ఆ సగాన్ని మళ్ళీ మడిచింది. ఇంకా మడుస్తూనే ఉంది. అరచేయంత అయింది. అప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడింది.

బాబాయి లోపల్నుంచి వచ్చి టీవీ చూశాడు, పిన్నిని చూశాడు, చొక్కా చూశాడు.

"ఇలా ఇవ్వు," అన్నాడు. "రేపు వేసుకోవాలి."

నిదానం సారు ఫోను చేశాడు. పిన్ని స్పీకరులో పెట్టింది. ఆయన ఈసారి నిదానం అనలేదు. "ఇలా ఎప్పుడూ జరగలేదమ్మా. ఎవరూ మొదటిది తీసుకోరు. సరే, అయిందేదో అయింది. బండ్లు ఎలా ఆపాలో మాట్లాడటానికి సోమవారం మీటింగు. కార్యదర్శి గారు వస్తారు. నువ్వు వెనక వరసలో కూర్చో. లెక్కలు అడిగితే చెప్పు, లేకపోతే లేదు."

ఆ రెండు రోజులూ ఇంట్లో తలుపులు చప్పుడయ్యాయి. ఎవరూ విసిరి వెయ్యలేదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఊరికే తిరుగుతుంటే చప్పుడయ్యాయి. ఆదివారం మధ్యాహ్నం పిన్ని వంటింటి గడపలో నిలబడి అంది.

"మీటింగులో చెప్పేస్తాను."

"ఏమని?" బాబాయి మంచినీళ్ళు తాగుతున్నాడు.

"అది ఎంచుకోడానికి రాసింది కాదని."

"అలా ఎవరైనా చెబుతారా? కొట్టువాడు బేరం మధ్యలో లేచి, ఈ రేటు ఉత్తిదండీ అన్నట్టుంటుంది. నిన్నొక్కదాన్నే కాదు, ఆఫీసు మొత్తాన్నీ నమ్మరు ఇక."

"తెలుసు."

"మొగుడి ఉద్యోగం కోసం ఏడుస్తోంది అంటారు."

"అదీ తెలుసు."

బాబాయి గ్లాసు కింద పెట్టాడు. "నా గురించి అయితే వద్దు."

"మీ గురించి కాదు."

"కొంచెం కూడానా?"

పిన్ని గడప దాటి లోపలికొచ్చింది. కుళాయి కారుతుంటే గట్టిగా కట్టేసింది. "కొంచెం ఉంది. అదే నన్ను తినేస్తోంది. ఎంత ఉందో కొలుద్దామంటే దానికి పెట్టె లేదు నా దగ్గర."

బాబాయి ఏదో వేళాకోళం ఆడబోయి మానేశాడు.  తరవాత నా వైపు తిరిగి, "సైలెన్సర్, రేపు బుడ్డోణ్ణి ఆఫీసుకి తీసుకెళ్ళు. వీడు ఎదురుగా ఉంటే మీ పిన్ని అరవదు," అన్నాడు. సరే అనడం ఆయనకి అలాగే వచ్చు.

ఆ సాయంత్రం పిన్ని నాచేత చదివించుకోడానికి ఏమీ రాయలేదు. "చెప్పాల్సింది ఒక్క వాక్యమే. అది రాస్తే నున్నగా అయిపోతుంది," అంది.

సోమవారం నేనూ బుడ్డోడూ మీటింగు గది బయట బెంచీ మీద కూర్చున్నాం. పొడవాటి వసారా, ఒక వైపు ఇనప బీరువాలు, వాటి మీద తాళ్ళతో కట్టిన కాగితాల కట్టలు. మీటింగు గది తలుపుకి స్ప్రింగు పాడైంది. ఎవరు మూసినా మళ్ళీ జానెడు తెరుచుకునేది. ఆ జానెడులోంచి నాకు నిదానం సారు భుజం, ఒక టీ కప్పు, వెనక వరసలో పిన్ని ఎడమ చెయ్యి కనిపించేవి. ఆ చెయ్యి కుర్చీ అంచుని పట్టుకుని ఉంది.

లోపల బండ్లు ఎన్ని, డ్రైవర్లు ఎందరు, యంత్రాలు ఏ ఆసుపత్రులకి ఇవ్వాలి అని మాట్లాడుకుంటున్నారు. పిల్లల ఆట సామాను పంచినట్టు. ముందు వరస మధ్యలోంచి ఒక ఆడగొంతు అన్నిటికీ 'ఊఁ, తరవాత' అంటోంది. కార్యదర్శి గారన్నమాట.

పిన్ని చెయ్యి కుర్చీ వదిలింది.

"ఒక్క మాట చెప్పచ్చాండీ? ఆ పేజీ రాసింది నేను."

"నిదానం, నిదానం," అన్నాడు నిదానం సారు.

"చెప్పండి," అంది కార్యదర్శి.

"మొదటి మార్గం ఎవరూ ఎంచుకోరన్న ధీమాతో రాశానండీ. మధ్యది ఒప్పుగా కనిపించడానికి రాశాను. ఆ పెట్టె ఊళ్ళలో పని చేస్తుందో లేదో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. తెలుసుకోకుండా బండ్లు ఆపితే, తప్పు చెప్పిందని తెలియడానికి కూడా ఇంకో దారి ఉండదు."

వసారాలో ఎక్కడో ఫ్యాను కిర్రుమంటోంది.  బుడ్డోడు నా చెవిలో, "అమ్మ తిట్టించుకుంటోందా?" అన్నాడు. నేను వాడి నోరు మూశాను.

"మీ వారు ఆ బండిలోనే పని చేస్తారట కదా?" కార్యదర్శి గొంతులో కోపం లేదు. సూది ఉంది.

"అవునండీ. అందుకే దాన్ని అంత బాగా రాశాను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"అంటే మీ ఆఫీసు మాకు పంపే కాగితాలన్నీ ఇలాగే ఉంటాయా?"

నిదానం సారు భుజం బిగుసుకోవడం నాకు కనిపించింది.

"మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదండీ. నేను రాసినవైతే ఇలాగే ఉన్నాయి."

కార్యదర్శి చాలాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. చివరికి, "ఈ విషయం ఇవాళ్టికి పక్కన పెడదాం," అంది. ఎవరో లేచి తలుపు గట్టిగా నెట్టారు. ఈసారి అది మూసుకుంది.

పిన్ని బయటికొచ్చి బుడ్డోణ్ణి ఎత్తుకుంది. ఎత్తుకునే వయసు దాటాడు వాడు. మెట్లు దిగుతుంటే ఆవిడ సంచీ నేను తీసుకున్నాను. వీధిలోకొచ్చాక అంది.

"తడబడ్డానా?"

"లేదు పిన్నీ. ఒక్క చోట కూడా."

తరవాత ఏం జరిగిందని మా ఊళ్ళో అందరూ అడిగారు. చెప్పడం కష్టం, ఎందుకంటే ఏమీ జరగలేదు. బండ్లు ఆపమని కాగితం రావాలి. రాలేదు. మంత్రి టీవీలో ఆ మాటలు మళ్ళీ అనలేదు, వాటిని వెనక్కి తీసుకుంటున్నాననీ అనలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు గనక బాబాయి పొద్దున్నే చొక్కా వేసుకుని వెళ్ళేవాడు. పిన్నికి కూడా ఒక కాగితం రావాలి, ఇంకో ఏడాది ఉద్యోగం పొడిగిస్తున్నామని. అదీ రాలేదు. తీసేస్తున్నామని ఎవరూ అనలేదు. నెలాఖరున ఆవిడ తన బల్ల మీద ఉన్న మొక్కనీ పెన్సిళ్ళనీ సంచీలో వేసుకుని ఇంటికొచ్చింది. దగ్గు పెట్టెని సంతకం పెట్టి తిరిగి ఇచ్చేసింది. నిదానం సారు గుమ్మం దాకా వచ్చి ఏదో చెప్పబోయి, ఎప్పటి మాటే అని ఊరుకున్నాడట.

రోజూ పొద్దున బండి తీసేముందు బాబాయి ఆఫీసుకి ఫోను చేసి అడిగేవాడు. "వచ్చిందా?" అంటే కాగితం. అవతలివాళ్ళు రాలేదంటే బండి కదిలేది. ఆ ఇంట్లో పలకరింపులన్నీ పోయి అదొక్కటే మిగిలింది.

వానలు మొదలయ్యాక బండి మా ఊరొచ్చింది. నేను అప్పటికే ఇంటికొచ్చేశాను. పిన్ని, బుడ్డోడు కూడా బండితోపాటే వచ్చారు, నాలుగు రోజులుండి వెళ్దామని. పిన్ని ఎక్కడెక్కడో ఉద్యోగాలకి రాసిందట. ఇక్కడికొచ్చినా ఆవిడకి కుదురు లేదు. వచ్చిన పూటే మా వంటింటి డబ్బాలన్నీ కిందికి దించింది.

"ఇన్నాళ్ళూ ప్రభుత్వంలో సైన్సు చూసింది, ఇప్పుడు నా డబ్బాలు చూస్తోంది," అంది అమ్మ. అమ్మమ్మ మాత్రం కూతుర్ని ఏమీ అడగలేదు. తల దువ్వుకుని, చినుకుల్లోనే వెళ్ళి వరసలో అందరికంటే ముందు నిలబడింది. "మా అల్లుడి బండి," అని వెనకవాళ్ళకి చెబుతోంది, వాళ్ళకి తెలియనట్టు.

బండి బడి ఆవరణలో ఆగింది. బాబాయికి సాయం చేసే మనిషి ఆ రోజు రాలేదు. "సైలెన్సర్, తలుపు దగ్గర నిలబడు. ఒకళ్ళ తరవాత ఒకళ్ళని పంపు," అన్నాడు. ఊరంతా అక్కడే ఉంది. నేను తలుపు చాటుకి జరిగి నిలబడ్డాను.

లోపల అమ్మమ్మ పలకకి ఛాతీ ఆనించి నిలబడింది.

"గాలి పీల్చండి అత్తయ్యగారూ. బిగబట్టండి." యంత్రం టక్కుమంది. "ఊఁ, ఇక వదలండి."

అమ్మమ్మ వదల్లేదు.

"అయిపోయిందండీ, వదలండి!"

ఆవిడ బుస్సుమని వదిలి, నాలుగు దగ్గులు దగ్గి, "మళ్ళీ వస్తావో రావో అని, సరిగ్గా పడనీ అని పట్టుకున్నా," అంది. బాబాయి తెర వైపు తిరిగాడు. నాకు ఆయన మొహం కనపడలేదు. "డాక్టరుగారు చూసి చెబుతారు," అన్నాడు, అందరికీ చెప్పినట్టే.

బయట పిన్ని బుడ్డోణ్ణి చంకనేసుకుని చూరు కింద నిలబడి ఉంది. అప్పుడే బాబాయి ఫోను మోగింది. ఆఫీసు నుంచి. ఆయన విని, జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చిందా?" అని అడిగింది పిన్ని అక్కణ్ణుంచే.

"రాలేదు," అన్నాడు బాబాయి. తరవాత నా వైపు చూశాడు.

నేను తలుపులోంచి తల బయటపెట్టాను. వరస బడి గేటు దాటి రోడ్డు దాకా ఉంది. వాన చప్పుడు మీదుగా చివరివాళ్ళకి కూడా వినపడేలా పిలిచాను.

"తరవాతి వాళ్ళు రండి!"